పికిటప్! ఒక కరపత్రానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

బర్క్లీలో గిల్మన్ వీధి, ఎనిమిదో వీధి కలిసే చోటికి దగ్గర్లో ఒక కరెంటు స్తంభం ఉంది. దానికి పిన్నులు కొట్టి అంటించిన పసుపు కాగితమే ఈ వ్యాఖ్యకు మూలగ్రంథం. తాళపత్రం కాదు, జిరాక్సు పత్రం. కర్త ఎవరో తెలియదు. కాలం మాత్రం స్పష్టం: మొన్నటి శనివారం. కర్త, కాలం రెండూ తెలియని గ్రంథాలకే మనవాళ్ళు వేల పుటల వ్యాఖ్యలు రాశారు కనుక, సగం తెలిసిన దానికి నాలుగు పుటలు రాయడం అపచారం కాదు.

ఇక వ్యాఖ్యాత. జన్మస్థలం నరసరావుపేట, కాపురం ఫ్రీమాంట్, వృత్తి పగలంతా కంప్యూటర్ ముందు కూర్చోవడం. వయసు 49. వ్యసనం ఒక్కటే: నెలకో శనివారం రాత్రి ఆ స్తంభం పక్కనున్న 924 నంబరు హాల్లో స్కా, పంక్ కచేరీలకు పోయి, చొక్కా తడుపుకుని రావడం. "అంతగా ఏముందండీ ఆ కాగితంలో? నాలుగు ముక్కలేగా!" అని మా ఆవిడ అడిగింది. నాలుగు ముక్కలే. సూత్రం ఎంత పొట్టిదైతే భాష్యం అంత పొడుగవుతుందని ఆవిడకు చెప్పబోయి, కుక్కర్ విజిల్ వేయడంతో ఆగాను. అప్పుడు ఆగిన మాటే ఇప్పుడు ఇలా వచ్చింది.

మూలము

స్కా పంక్ నైట్. ఫైవ్ బ్యాండ్స్.
డోర్స్ సెవెన్. షో సెవెన్ థర్టీ.
ఆల్ ఏజెస్.
నో బూజ్, నో డ్రగ్స్, నో ఫైటింగ్, నో రేసిజం, నో సెక్సిజం, నో హోమోఫోబియా.
పికిటప్!

పాఠ నిర్ణయము

మూలంలో రెండు చోట్ల గ్రంథపాతం ఉంది. మొదటిది బ్యాండ్ల పేర్ల దగ్గర. కాగితం మీద పేర్లు లేకపోలేదు, చదవడానికే లేవు. ముళ్ళకంచెను విరిచి అక్షరాలు చేసినట్టుంటుంది ఆ లిపి. దాన్ని చదవగలిగినవాడికి కరపత్రంతో పనిలేదు, వాడు ఆ బ్యాండులోనే ఉంటాడు. రెండోది టికెట్టు ధర. ఆ మూల చిరిగిపోయింది. ఎవరో కావాలనే చింపారని ఒక పక్షం, వాన అని ఇంకో పక్షం. బర్క్లీలో వేసవిలో వాన పడదు కనుక మొదటి పక్షమే బలవత్తరం.

ప్రథమ వాక్యము: స్కా పంక్ నైట్

ప్రతిపదార్థము: స్కా = జమైకాలో పుట్టిన ఒక నాట్యసంగీతం; పంక్ = మూడు స్వరస్థానాలు, ముప్పై కోపాలు గల సంగీతం; నైట్ = రాత్రి. సాయంత్రం ఏడుకు మొదలై పదకొండుకల్లా ముగిసేదాన్ని రాత్రి అనడం ఔపచారికం. పల్నాటి నాటకాల లెక్కలో ఆ వేళకు హార్మోనియం వాడు ఇంకా భోజనానికి కూర్చోడు.

వ్యుత్పత్తి విచారము: స్కా అనే మాట ఎలా పుట్టిందనే దానిపై మతభేదాలున్నాయి. క్లూయెట్ జాన్సన్ అనే బాస్ వాద్యకారుడు ఎదురైనవాడినల్లా ఒక వింత పలకరింపుతో పలకరించేవాడనీ, దానికి తోక తెగితే స్కా మిగిలిందనీ ఒకరు. గిటారు తీగలను మీటీ మీటగానే అరచేత్తో నొక్కేస్తే వచ్చే చప్పుడే ఆ మాట అని ఇంకొకరు. గలగల, దబదబ, చిటపట అనుకుంటూ పెరిగిన జాతికి రెండో మతమే రుచిస్తుంది. నా ఓటూ దానికే.

పంక్ అనే మాటకు కులీనత లేదు. షేక్‌స్పియర్ కాలంలో దానికి వేశ్య అని అర్థం. తర్వాత పనికిమాలినవాడు, పోకిరి అనే అర్థాలు చేరాయి. 1970లలో కుర్రాళ్ళు ఆ తిట్టునే తీసి బొత్తాంలా చొక్కాకు పెట్టుకున్నారు. తెలుగు వ్యాఖ్యాతకు మాత్రం ఇక్కడ అయాచితంగా ఒక శ్లేష దొరికింది. పంకం అంటే బురద. పంకం నుంచి పుట్టినది పంకజం. ఈ శ్లేషను దాచిపెట్టుకుంటున్నాను, చివర పనికొస్తుంది.

గురుపరంపర: గురువు లేని విద్య గుడ్డి విద్య అన్నారు గదా, ఈ గందరగోళానికి గురువెవరు అని శంక. సమాధానం చెబుతాను. 1950లలో న్యూ ఆర్లీన్స్, మయామీ రేడియోల నుంచి గాలివాటున వచ్చిన రిథమ్ అండ్ బ్లూస్ పాటలు కింగ్‌స్టన్ వాళ్ళ చెవిన పడ్డాయి. వాళ్ళు బీరువాలంత స్పీకర్లు వీధిలో పెట్టి ఆటలు నడిపారు. మన పెళ్ళి ఊరేగింపులో డీజే బండిని చూసినవాడికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. 1962 ఆగస్టు 6న జమైకాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఆ దేశానికి సొంత పాట ఒకటి సిద్ధంగా ఉంది. అదే స్కా.

ఆ పాటకు బాకాలు ఊదినవాళ్ళు ఎక్కడ నేర్చారు? కింగ్‌స్టన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపిన ఆల్ఫా బాయ్స్ స్కూల్లో. దిక్కులేని పిల్లలు, అల్లరి చేసి ఇంట్లోంచి గెంటించుకున్న పిల్లలు అక్కడ చేరేవారు. బడిలో బ్యాండు ఉండేది. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ డేవీస్ అనే సన్యాసిని దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బృందంలో టామీ మెకుక్, డాన్ డ్రమండ్, జానీ మూర్, లెస్టర్ స్టర్లింగ్ నలుగురూ ఆ బడి పిల్లలే. అదే బడిలో ట్రాంబోన్ పట్టిన రికో రోడ్రిగెజ్ ఇంగ్లండ్ చేరి, కోవెంట్రీ కుర్రాళ్ళ స్పెషల్స్ బృందంతో వాయించాడు. 1981లో వాళ్ళ గోస్ట్ టౌన్ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కినప్పుడు అందులో వినిపించిన ట్రాంబోన్ రికోదే. అంటే పంక్ కుర్రాడి పక్కన నిలబడి ఊదింది కాన్వెంటు పిల్లాడు. ఇంత శుద్ధమైన పరంపర మా ఊరి నాటక సమాజానికి కూడా లేదు.

తరంగత్రయము: ఈ శాస్త్రంలో మూడు మతాలున్నాయి. వీటిని తరంగాలంటారు. మొదటిది జమైకా తరంగం. అది 1966 ప్రాంతంలో నడక తగ్గించి రాక్‌స్టెడీగా, ఆపైన రెగేగా మారింది. ఆ ఏడాది ఎండలు మండిపోవడంతో ఎవరూ అంత వేగంగా ఆడలేక పాట నెమ్మదించిందని ఒక కథ. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోకపోవచ్చు గానీ, రెంటచింతల ఎండ చూసినవాడు ప్రమాణం అడగడు. రెండోది 1979లో కోవెంట్రీలో జెర్రీ డామర్స్ పెట్టిన టూ టోన్ రికార్డు కంపెనీ నుంచి లేచిన తరంగం. నలుపు తెలుపు గళ్ళ గుర్తు, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి వాయించే బృందాలు. మూడోది అమెరికా తరంగం: బాస్టన్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా. ఇందులోనే స్కా మెడలో పంక్ మూడుముళ్ళు వేసింది. ఆ పెళ్ళిళ్ళలో బాగా గుర్తుండిపోయిన ఒకటి మన మూలగ్రంథం వేలాడుతున్న స్తంభం పక్కనే జరిగింది. 1987లో పుట్టి 1989లో విడిపోయిన ఆపరేషన్ ఐవీ అనే బృందం ఈ హాలు కన్నబిడ్డే. రెండేళ్ళ ఆయుష్షు, ఎనర్జీ అనే ఒక్క ఆల్బమ్. పేరు 1952 నాటి అణుపరీక్షలది. విడిపోయాక వాళ్ళలో టిమ్ ఆర్మ్‌స్ట్రాంగ్, మాట్ ఫ్రీమన్ కలిసి రాన్సిడ్ బృందం పెట్టారు.

లక్షణము: స్కాను ఎలా గుర్తుపట్టాలి? లెక్క పెట్టాలి. ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. "ఒక", "రెం", "మూ", "నా" అన్నప్పుడు మీ కాలు నేలను తాకుతుంది. ఆ చివరి దీర్ఘాలున్నాయే, "టీ", "డూ", "డూ", "గూ", వాటి మీద గిటారు పడుతుంది. కాలు దిగినచోట గిటారు ఉండదు, గిటారు మోగినచోట కాలు గాల్లో ఉంటుంది. కాలు ఎందుకు ఎత్తాలో అప్పుడు శరీరానికే తెలుస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు.

పూర్వపక్షము: ఇది మన అనాగత గ్రహమే కదా! తాళం మొదలయ్యాక కొంత ఆగి కీర్తన ఎత్తుకోవడం త్యాగరాజస్వామి నాడే ఉంది. వీళ్ళు కొత్తగా కనిపెట్టిందేమిటి?

సిద్ధాంతము: కాదు. అక్కడ పాట ఎత్తుగడలో ఆలస్యంగా వచ్చి, తర్వాత తాళంతో కాపురం చేస్తుంది. ఇక్కడ గిటారు ప్రతి దెబ్బకూ ఆలస్యంగానే వస్తుంది, చివరిదాకా. ఎప్పుడూ ఒకే లెక్కన ఆలస్యంగా వచ్చేవాడికి ఆలస్యం అనే దోషం అంటదు. మా ఆఫీసులో దీన్ని ఒకసారి వాదించి ఓడిపోయాను.

ద్వితీయ వాక్యము: ఫైవ్ బ్యాండ్స్

ప్రతిపదార్థము: ఫైవ్ = అయిదు; బ్యాండ్స్ = వాద్యబృందాలు.

తాత్పర్యము: ఒక్కోదానికి అరగంట, మధ్యలో డ్రమ్ములు మార్చడానికి పావుగంట.

విశేషములు: పంక్ బృందంలో ముగ్గురో నలుగురో ఉంటారు. స్కా బృందంలో ట్రంపెట్, ట్రాంబోన్, సాక్సొఫోన్ చేరి ఏడెనిమిదిమంది అవుతారు. వచ్చిన డబ్బు పంచుకుంటే మనిషికి వ్యాను పెట్రోలులో వాటా మిగులుతుంది. అందుకే తలుపు పక్కన మడత బల్లలు వేసి చొక్కాలు, స్టిక్కర్లు, క్యాసెట్లు అమ్ముకుంటారు. అవును, క్యాసెట్లే. వాటిని వినడానికి నా దగ్గర యంత్రం లేదు, అయినా ఆరున్నాయి. అభిమానధనుడు అనే సమాసానికి ఆత్మగౌరవమే ధనంగా గలవాడు అని నిఘంటువు చెబుతుంది. ఈ బల్ల దగ్గర అది షష్ఠీ తత్పురుష: అభిమాని యొక్క ధనం. దానితోనే ట్రాంబోన్ వాడు ఇల్లు చేరతాడు.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం ఉంది. అయిదింటిలో మొదటి బృందాన్ని వినడానికి సాధారణంగా ఉండేది మిగిలిన నాలుగు బృందాలూ, ఆ పిల్లల తల్లులూ. అభిమాని అనిపించుకోదలిచినవాడు మొదటి బృందానికే చేరాలి, ముందువరసలో నిలబడాలి. పెద్ద పేరున్న ఆఖరి బృందాన్ని వినడానికి ఎవడైనా వస్తాడు. పదహారేళ్ళ పిల్ల ట్రంపెట్ ఎత్తి మొదటి స్వరం జారవిడిచి, కళ్ళు మూసుకుని రెండోది పట్టుకున్నప్పుడు అక్కడ ఉన్నవాడే సాక్షి. ఊళ్ళో కచేరీ అంటే అదే: వాయించేవాడికి వినేవాడి ముఖం కనపడేంత దూరం.

తృతీయ వాక్యము: డోర్స్ సెవెన్, షో సెవెన్ థర్టీ

ప్రతిపదార్థము: డోర్స్ = తలుపులు; సెవెన్ = ఏడింటికి; షో = ఆట; సెవెన్ థర్టీ = ఏడున్నరకు.

శంక: తలుపు ఒక్కటే ఉండగా "తలుపులు" అని బహువచనం ఎందుకు వేశాడు?

సమాధానము: గౌరవే బహువచనం. ఆ తలుపు గౌరవానికి తగినదే. 1986 డిసెంబరు 31 రాత్రి అది మొదటిసారి ఈ పాటకు తెరుచుకుంది. మాగ్జిమమ్ రాక్‌ఎన్‌రోల్ పత్రిక నడిపిన టిమ్ యొహానన్, ఆయన మిత్రులూ కలిసి పెట్టిన హాలు ఇది. యజమాని, గుమాస్తా అనే తేడా లేదు. తలుపు దగ్గర డబ్బు తీసుకునేవాడు, మైకు సరిచేసేవాడు, ఆట ముగిశాక చీపురు పట్టేవాడు అందరూ ఉచితంగా పనిచేసే అభిమానులే. లోపలికి పోవాలంటే సభ్యత్వ కార్డు ఉండాలి. పుట్టిన కొత్తలో దాని ఖరీదు ఏడాదికి రెండు డాలర్లు. సభ్యుడంటే ఏమిటి? ఈ హాలు నాది అనగలిగినవాడు. నాది అన్నాక చీపురు కూడా నాదే అవుతుంది. మొదటిసారి ఊడ్చినప్పుడు నాకు దొరికినవి: మూడు బొత్తాలు, ఒక చెవిపోగు, ఎవరిదో పన్నుకు వేసుకునే క్లిప్పు.

ఏడింటికీ ఏడున్నరకూ మధ్యనున్న అరగంటలో జరిగేది గోడలు చదవడం. హాలు గోడల మీద ముప్పై తొమ్మిదేళ్ళ రాతలున్నాయి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి. అడుగున ఉన్నదే మూలం, పైవన్నీ వ్యాఖ్యలు. మన సంప్రదాయమే.

చతుర్థ వాక్యము: ఆల్ ఏజెస్

ప్రతిపదార్థము: ఆల్ = సకల; ఏజెస్ = వయసులవారును (రావచ్చును అని అధ్యాహారము).

విశేషములు: దీని బరువు ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాడికి తెలియదు. అమెరికాలో మద్యం అమ్మే క్లబ్బుల్లో చాలావాటిలోకి ఇరవై ఒకటి నిండనివాణ్ణి రానివ్వరు. పాట పిచ్చి పట్టేది పద్నాలుగో ఏట, పాట దగ్గరికి పోనిచ్చేది ఇరవై ఒకటో ఏట. మధ్యలో ఏడేళ్ళు ఆకలి. ఈ హాలు ఆ చిక్కును ఒక్క మాటతో విప్పింది: అసలు మద్యమే వద్దంది. కనుక పై వాక్యంలోని సకల వయసులకూ కింది వాక్యంలోని "నో బూజ్"కూ మధ్య ఉన్నది కార్యకారణ సంబంధం. రెండూ వేర్వేరు నియమాలనుకోవడం వ్యాకరణం తెలియకపోవడమే.

సకల వయసులు అన్నప్పుడు కింది హద్దు మాత్రమే కాదు, పై హద్దు కూడా ఎత్తేసినట్టే. ఇది కొందరికి ఇంకా తట్టలేదు. మొన్న వరసలో నిలబడితే, ఆకుపచ్చ జుట్టు పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది: "మీ అబ్బాయి ఏ బ్యాండులో ఉన్నాడండీ?" ఆమె అడిగింది ఇంగ్లీషులోనే, కానీ ఆ గొంతులో "అండీ" స్పష్టంగా వినపడింది.

పంచమ వాక్యము: నో బూజ్ ఇత్యాది

ప్రతిపదార్థము: నో = వలదు (ఆరు మార్లు); బూజ్ = మద్యము; డ్రగ్స్ = మత్తుమందులు; ఫైటింగ్ = కొట్లాట; రేసిజం = జాతిద్వేషము; సెక్సిజం = ఆడవారిని చులకన చేయుట; హోమోఫోబియా = స్వలింగ ప్రియులను ద్వేషించుట.

విశేషములు: ఉపనిషత్తు పరబ్రహ్మను ఇది కాదు, ఇది కాదు అని చెప్పినట్టు, ఈ హాలు తనను తాను వలదు, వలదు అని చెప్పుకుంటోంది. ఈ ఆరు "నో"లనూ తీసేస్తే మిగిలేదే అక్కడి అనుభవం.

శంక: పంక్ అంటేనే కట్టుబాటు తెంచుకోవడం. ఇన్ని నిషేధాలు రాసిపెట్టుకున్నవాళ్ళు పంకులెలా అయ్యారు?

సమాధానము: కాపలావాడున్న చోట నియమాలు వాడి లాఠీలో ఉంటాయి, గోడ మీద రాసుకోనక్కర్లేదు. కాపలావాడు లేని చోట ఊరివాళ్ళే రాసుకోవాలి. 1980లలో పంక్ కచేరీలంటే తన్నులాటలు. గుండు గీయించుకుని జాతి పేరుతో కొట్టడానికి వచ్చే ముఠాలు ఒక నిజమైన బెడద. టూ టోన్ వాళ్ళకు ఇంగ్లండులో అదే అనుభవం. నలుపు తెలుపు గళ్ళు అందం కోసం పుట్టినవి కావు, అది ఒక పక్షం తీసుకోవడం. ఆ గళ్ళ పట్టీని ఇప్పుడు బూట్ల మీద ఫ్యాషన్‌గా చూసినప్పుడల్లా, గుడి గంటను గుమ్మానికి కాలింగ్ బెల్లుగా పెట్టినట్టు అనిపిస్తుంది.

కరపత్రంలో లేని ఏడో "నో" ఒకటి ఉండేది: పెద్ద రికార్డు కంపెనీలతో ఒప్పందం చేసుకున్న బృందం ఇక్కడ వాయించరాదు. గ్రీన్ డే బృందంవాళ్ళు ఈ హాలులో పెరిగిన పిల్లలే. 1994లో పెద్ద కంపెనీ ద్వారా డూకీ అనే ఆల్బమ్ విడుదల చేసి లోకమంతా గెలిచారు, ఈ ఒక్క గుమ్మం ఓడిపోయారు. మళ్ళీ ఈ వేదిక ఎక్కింది 2015లో, ఒక సహాయార్థ కచేరీకి. ఇందులో తప్పెవరిదని వాదించడం అభిమానులకు నిత్యపారాయణం. నా మట్టుకు నాకు ఇద్దరూ ఇష్టమే. ఆడపడుచుకూ పుట్టింటికీ మధ్య మాట పట్టింపులో బయటివాడు నోరు పెట్టకూడదు.

షష్ఠ వాక్యము: పికిటప్!

ఇది అచ్చులో లేదు. కరపత్రం అడుగున ఎవరో నల్ల మార్కరుతో చేత్తో రాశారు. ప్రక్షిప్తమని కొందరు కొట్టివేయవచ్చు. నా దృష్టిలో గ్రంథమంతా దీనికి ఉపోద్ఘాతమే.

ప్రతిపదార్థము: పిక్ = తీయుము; ఇట్ = దానిని; అప్ = పైకి. వెరసి, ఎత్తుకో.

స్కా పాటలో గాయకుడు చరణానికీ చరణానికీ మధ్య ఈ మాటను నాలుగైదుసార్లు గబగబా అరుస్తాడు. ఎక్కడిదీ అలవాటు అంటే, జమైకా వీధి ఆటల్లో రికార్డు తిరుగుతుండగా మైకు పట్టినవాడు జనాన్ని హుషారెత్తించడానికి అరిచే అరుపుల నుంచి వచ్చింది. శబ్దానికి మూడు శక్తులున్నాయని మన ఆలంకారికులు చెప్పారు. ఈ శబ్దానికీ మూడున్నాయి.

అభిధ: దానిని పైకెత్తు. ఏ దానిని? కాలును. స్కా నాట్యాన్ని స్కాంకింగ్ అంటారు. మోచేతులు మడిచి, పిడికిళ్ళు ఊపుతూ, మోకాళ్ళు పైకి లేపుతూ ఉన్నచోటే పరుగెత్తడం. చూసినవాడికి నవ్వొస్తుంది, ఆడేవాడికి ఆయాసమొస్తుంది. సాగర్ కాలువ కింద మడిలో దమ్ము చేసేటప్పుడు బురదలోంచి కాలు పీక్కుంటూ నడిచినవాడికి ఈ అడుగు కొత్త కాదు. దాచిపెట్టిన శ్లేష ఇక్కడ వాడుతున్నాను: పంకంలో నడిచేవాడి నడకే పంక్ నాట్యం. ఈ నాట్యానికి ఎంత గౌరవమంటే, 2022లో విడిపోయేదాకా, బాస్టన్‌కు చెందిన మైటీ మైటీ బాస్‌టోన్స్ బృందంలో బెన్ కార్ అనే సభ్యుడి పనే వేదిక మీద ఆడడంగా ఉండేది. జీతం తాళానికి కాదు, కాలికి.

లక్షణ: పాటను ఎత్తుకో, నడక పెంచు. తెలుగులో మనం పాటను ఎత్తుకుంటాం, బిడ్డను ఎత్తుకుంటాం, రెండింటికీ ఒకే క్రియ. ఈ సంగతి ఇంగ్లీషువాడికి తెలియకపోయినా వాడి నోట కూడా అదే మాట వచ్చింది.

వ్యంజన: ఇది చెప్పడానికి నా కథ కొంచెం చెప్పాలి.

పాట వేగం పెరిగి పంక్ భాగం రాగానే హాలు మధ్యలో జనం వలయంగా తిరగడం మొదలుపెడతారు. భుజాలు తగులుతాయి, మోచేతులు తగులుతాయి. బయట నుంచి చూస్తే కొట్లాట. నాకు జనం భయం లేదు. శివరాత్రికి కోటప్పకొండ కింద, విద్యుద్దీపాల ప్రభలు కదులుతుంటే, ఆ తొక్కిసలాటలో మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడు మూడు మాటలు చెప్పాడు. "మోచేతులు పక్కటెముకలకు ఆనించు. జనం ఎటు పోతే అటే పో. కింద ఏది పడినా వంగమాకు, నిన్ను తొక్కేస్తారు." మొదటి రెండు మాటలతో ఎన్ని కచేరీలైనా గట్టెక్కాను.

మొన్న మూడో బృందం వాయిస్తుండగా ఎవరి భుజమో తగిలి నా కళ్ళజోడు ఎగిరిపోయింది. అది లేకపోతే నాకు మనుషులు రంగు మచ్చలు. మా నాన్న మాట గుర్తొచ్చి, వంగలేదు. నిలువునా నిలబడిపోయాను. నా ఎదురుగా ఉన్న ఒక పెద్ద మచ్చ రెండు చేతులూ చాచి వెనక్కి తిరిగి వెన్ను నాకిచ్చి నిలబడింది. పక్కనున్న మచ్చ కూడా అంతే. నాలుగు వీపులతో నా చుట్టూ చిన్న బావి గట్టు కట్టినట్టయింది. జనం ఆ గట్టును ఒరుసుకుంటూ తిరుగుతూనే ఉన్నారు, పాట ఆగలేదు. గట్టు లోపల ఒకడు వంగాడు. మెడకు ముళ్ళ పట్టీ, చెవికి అయిదారు పోగులు ఉన్నాయని తర్వాత కళ్ళజోడు పెట్టుకున్నాకే తెలిసింది. నేలను అరచేతులతో తడిమి లేచి, ఏం చేశాడనుకున్నారు? నా చేతికివ్వలేదు. అది నాదని వాడికి తెలియదు గదా. కళ్ళజోడును తలకు పైన, చెయ్యి ఎంత సాగితే అంత ఎత్తున, హారతి పట్టినట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరిదో వాళ్ళు చూసి వస్తారని. చొక్కా కొసతో అద్దాలు తుడిచి మరీ. కుడి అద్దం అంచు చిట్లింది. పెట్టుకున్నాను. మచ్చలన్నీ ముఖాలయ్యాయి. నాలుగు వీపులూ ఎవరివో చూసేలోపు వలయంలో కలిసిపోయాయి.

ఆ రాత్రి అలా పైకి లేచినవి ఇంకా చూశాను: ఒక బూటు, ఒక తాళంచెవుల గుత్తి, రెండుసార్లు మనుషులు. పడినవాడు నేలను తాకిన మరుక్షణం నాలుగు చేతులు చంకల కింద దూరతాయి. వాడు లేచి మళ్ళీ తిరుగుతాడు. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోరు.

మా నాన్న చెప్పింది తప్పు కాదు. తిరనాళ్ళలో అందరూ ఎక్కడికో పోతుంటారు, అందుకే వంగినవాణ్ణి తొక్కుతారు. వలయంలో ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు, అందుకే వంగడానికి వీలుంది. అప్పుడు గాయకుడు అరిచాడు, పికిటప్, పికిటప్ అని. అది వేగం పెంచమన్న మాటేనని ఇరవై ఏళ్ళుగా అనుకున్నాను.

ఫలశ్రుతి

ఫలశ్రుతి అంటే గ్రంథం విన్న ఫలం. ఇక్కడ ఆ పదానికి అక్షరార్థం పడుతుంది: కచేరీ ఫలంగా చెవిలో మిగిలే శ్రుతి. ఇంటికొచ్చి దిండు మీద తల పెట్టగానే తంబూరా పెట్టె ఎవరో ఆపకుండా వదిలేసినట్టు ఒక సన్నని మోత. మొదట్లో దాన్ని అనుగ్రహమనుకున్నాను, అది అపాయమని తర్వాత తెలిసింది. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చు, మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ వ్యవధి సగానికి తగ్గించాలి అన్నది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూత్రం. ఆ లెక్కన 100 దగ్గర మిగిలేది పావుగంట. అంటే మొదటి బృందం సగంలోనే నా ఖాతా ఖాళీ. కనుక ఇప్పుడు చెవుల్లో నురుగు బిరడాలు పెట్టుకునే వెళ్తున్నాను. పాట తగ్గదు, మోత తగ్గుతుంది. రెండిటికీ తేడా ఉందని మా అమ్మ ఫోన్లో ఒప్పుకోలేదు.

ఉపసంహారము

ఆ.వె.
తాళమునకు నడుమ తప్పిపోయిన దెబ్బ
పట్టువాడె స్కాకు భక్తుఁడౌను;
చెమటఁ దడిసి చొక్క, చెవుల హోరులతోడ
ఇల్లు చేరువాడె యిష్టసఖుఁడు.

ఈ పద్యానికి ప్రతిపదార్థం రాయలేదు. చొక్కా పిండితే వస్తుంది.

గద్య: ఇది పల్నాటి సీమను పుట్టి, ఫ్రీమాంటున నివసించి, గిల్మన్ వీధిని చీపురు పట్టిన వ్యాఖ్యాతచే, చిట్లిన కుడి అద్దము గుండా చదివి రచింపబడిన కరపత్ర వ్యాఖ్యయందు సర్వమును ఏకాశ్వాసము. అద్దం మార్పించమని మా ఆవిడ రోజూ చెబుతోంది. వచ్చే శనివారం కచేరీ అయ్యాక చూద్దాంలే అన్నాను.